నాన్నకి పార్కిన్‌సన్స్, ఇప్పుడు మతి తప్పుతోంది. సాయంత్రమైతే లేని మనుషులు కనిపిస్తున్నారు. మందుల సంగతి చెప్పండి

సరళ_కాకినాడ
నాన్నకి 74. పార్కిన్‌సన్స్ మొదలై చాలా ఏళ్లయింది. పార్కిన్‌సన్స్‌కే సిండోపా ప్లస్ (లెవోడోపా, కార్బిడోపా) రోజుకి ఐదుసార్లు, ప్రమిపెక్సోల్ మూడు పూటలా, వణుకుకి పాసిటేన్ (ట్రైహెక్సీఫెనిడిల్) రెండు పూటలా, పొద్దున్నే ఒక గ్యాస్ బిళ్ల. వణుకు, నడక ఏదోలా నెట్టుకొస్తున్నాం. సంక్రాంతి తర్వాత నుంచి కొత్త బాధ మొదలైంది. డబ్బు లెక్క తేల్చలేకపోతున్నారు, ఇప్పుడే తిన్నది గుర్తుండట్లేదు. దీపాలు పెట్టే వేళకి వరండాలో ఎవరో పిల్లలు వచ్చి కూర్చున్నారంటారు. "పాపం ఎప్పుడు తిన్నారో, అన్నం పెట్టవేం" అని అమ్మ మీద కోప్పడతారు. మొన్న అమ్మనే పట్టుకుని "మీరెవరండీ, మా ఆవిడ ఎక్కడ" అన్నారు. అమ్మ తట్టుకోలేకపోయింది.

ఇక్కడ చూసే డాక్టరు గారు (జనరల్ ఫిజీషియన్) ఈ భ్రమలకి రాత్రిపూట హాలోపెరిడాల్ రాశారు. మందుల షాపాయన చీటీ చూసి "పార్కిన్‌సన్స్ ఉన్నాయనకా? నరాల డాక్టరుని అడిగి తీసుకోండమ్మా" అన్నాడు. కొనలేదు. బెంగళూరులో ఉన్న అన్నయ్యేమో సిండోపానే బుర్ర పాడుచేస్తోంది, ఆపేసి చూడు అంటున్నాడు. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు వచ్చే వారం. అప్పటిదాకా ఏం చెయ్యను?

వరంగల్_రవి
ఆ గోలీ అస్సలు వెయ్యకక్కా. మా బాపును ఓ దవాఖానల చేర్పిస్తే రాత్రి లొల్లి చేస్తుండని గదే సూది ఇచ్చిండ్రు. తెల్లారేసరికి కట్టె లెక్క బిగుసుకపోయిండు. మింగుడు గూడ బందయింది. మళ్ల మనిషి అయ్యేసరికి నెల దాటింది. ఆ షాపాయనకు దండం పెట్టాలె.

ఫార్మసీ_ప్రసాద్
రవి గారు చెప్పింది నిజం. పార్కిన్‌సన్స్‌లో మెదడులో డోపమైన్ (కదలికల్ని నడిపే రసాయనం) తక్కువ. సిండోపాలో ఉన్న లెవోడోపా లోపలికెళ్లి డోపమైన్‌గా మారుతుంది. హాలోపెరిడాల్ ఆ డోపమైన్ పనిచేసే చోటనే అడ్డుపడుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. రిస్పెరిడోన్, ఒలాంజపైన్ కూడా వీళ్లకి పనికిరావు. మరీ తప్పనిసరైతే న్యూరాలజిస్టులు క్వెటియాపైన్ చాలా తక్కువ డోసులో ఇస్తారు. దానికీ లొంగకపోతే క్లోజపైన్. అది బాగా పనిచేస్తుంది గానీ తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వరసగా రక్తపరీక్షలు చేయించాల్సిందే.

సరళ గారూ, ఒక ప్రశ్న. ఆ గ్యాస్ బిళ్ల ఏంటి? పేరు కాదు, స్ట్రిప్ తిప్పి వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూసి రాయండి.

సరళ_కాకినాడ
చూశాను ప్రసాద్ గారూ. రాబెప్రజోల్, దాని కింద లెవోసల్‌పిరైడ్ అని ఉంది.

ఫార్మసీ_ప్రసాద్
అనుకున్నాను. రాబెప్రజోల్‌తో పేచీ లేదు. రెండోది కడుపు కదలికకి ఇచ్చే మందే అయినా మెదడులోకీ వెళ్లి డోపమైన్‌ని అడ్డుకుంటుంది. పార్కిన్‌సన్స్ లేనివాళ్లకి కూడా వాడగా వాడగా వణుకు, బిగుతు తెప్పించే మందు అది. మన దగ్గర గ్యాస్ అనగానే ఈ జంట బిళ్ల రాసేస్తారు, జనం చీటీ లేకుండా ఏళ్ల తరబడి కొనుక్కుంటారు. డాక్టరుకి ఫోన్ చేసి, ఉత్త రాబెప్రజోల్‌కి మార్చవచ్చా అని అడగండి. వాంతులకిచ్చే పెరినార్మ్, స్టెమెటిల్ కూడా ఇదే కోవ. కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా.

కడప_సుబ్బు
అయితే వాంతులైతే ఏమియ్యల్ల మరి? మా అమ్మకి సిండోపా ఏసిన గంటకే వికారం.

ఫార్మసీ_ప్రసాద్
సుబ్బు గారూ, మామూలుగా డోంపెరిడోన్ ఇస్తారు. అది మెదడులోకి పెద్దగా పోదు. గుండె జబ్బున్నా, ఇంకా వేరే మందులున్నా ముందు ఈసీజీ చూడాలి. కాబట్టి ఇదీ అడగకుండా వద్దు.

నర్స్_మేరీ_గుంటూరు
సరళమ్మా, ముందు మీ అన్నయ్య మాట సంగతి. సిండోపా ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం విపరీతంగా పెరిగి, స్పృహ తప్పి ఐసీయూ దాకా వెళ్తారు. ప్రాణం పోయే పరిస్థితి. నేను వార్డులో చూశాను. తగ్గించాల్సి వస్తే డాక్టరే మెట్టుమెట్టుగా తగ్గిస్తారు. ఈ ముక్క అన్నయ్యకి యథాతథంగా చూపించండి.

రెండోది. భ్రమలు వచ్చినప్పుడు న్యూరాలజిస్టులు మందులు తీసే వరస ఒకటుంది. మొదట పాసిటేన్ లాంటివి. తర్వాత అమాంటడిన్, సెలిజిలిన్, రసాజిలిన్. ఆ తర్వాత ప్రమిపెక్సోల్, రోపినిరోల్. సిండోపా మీద ఆఖర్న చెయ్యి పెడతారు, ఎందుకంటే కదలికకి అదే ఆధారం. మీ నాన్నగారి చీటీలో పాసిటేన్, ప్రమిపెక్సోల్ రెండూ ఉన్నాయి. ఈ వయసులో, మతి తప్పుతున్న మనిషికి పాసిటేన్ ఏం చేస్తోందో కచ్చితంగా అడగండి. జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది, మలబద్ధకం పెంచుతుంది, మగవాళ్లకి మూత్రం బిగబడుతుంది. అదీ ఒక్కరోజులో ఆపకూడదు. వారం ఆగి డాక్టరు చేతే తగ్గించండి.

మోడరేటర్_3
ఎవరి డోసు ఎంత తగ్గించాలో ఇక్కడ ఎవరూ చెప్పొద్దు. ఏం అడగాలో చెప్పుకుందాం. మేరీ గారి పోస్టు ఆ హద్దులోనే ఉంది, ఉంచుతున్నాం.

విశాఖ_లలిత
యూరిన్ టెస్ట్ చేయించారా? మా అత్తగారు బానే ఉండి రెండ్రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టడం మానేశారు. జ్వరం లేదు, మంట లేదు. అందరం జబ్బు ముదిరిందనే అనుకున్నాం. తీరా చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటీబయోటిక్ వాడాక ముప్పావు వంతు తేరుకున్నారు.

నర్స్_మేరీ_గుంటూరు
లలిత గారి మాట అందరూ గుర్తుంచుకోవాలి. నెమ్మదిగా నెలల మీద వస్తే జబ్బు కావచ్చు. గంటల్లో, రోజుల్లో మనిషి మారిపోతే కారణం వెతకాల్సిందే. మూత్రం, ఛాతీ, సోడియం, నీళ్లు తాగకపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన మందు. ఈమధ్య పడి తలకి తగిలి ఉంటే స్కాన్ కూడా.

సరళ_కాకినాడ
మాది నెమ్మదిగానే వచ్చింది. కానీ ఈ పది రోజుల్లో బాగా పెరిగింది. విరేచనం నాలుగైదు రోజులకోసారి. రాత్రి బాత్రూమ్‌కి లేవాలని సాయంత్రం నుంచి నీళ్లు మానేశారు. రేపే ల్యాబ్‌కి పంపిస్తాను.

దూలగొండి_శాస్త్రి
ఇంగ్లీషు మందుల దుష్ఫలితాలు ఇలాగే ఉంటాయి. మా తండ్రిగారికి దూలగొండి గింజల చూర్ణం పాలలో ఇస్తున్నాం. కంపవాతానికి ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉన్నదే. మీరూ మొదలెట్టండి.

ఫార్మసీ_ప్రసాద్
శాస్త్రి గారూ, దూలగొండి గింజ పనిచేయదని నేను అనను. పనిచేస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నదీ లెవోడోపానే. చిక్కంతా అక్కడే. ఆయన ఇప్పటికే రోజుకి ఐదుసార్లు అదే మందు వేసుకుంటున్నారు. చూర్ణంలో ఎంతుందో ఏ చెంచాకా చెంచా మారుతుంది. భ్రమలున్న మనిషికి లెక్క తెలియని లెవోడోపా అదనంగా పోస్తే పిల్లలు వరండా దాటి ఇంట్లోకొస్తారు. మీ నాన్నగారు సిండోపా కూడా వాడుతున్నట్టయితే చూర్ణం సంగతి ఆయన డాక్టరుకి చెప్పారా?

దూలగొండి_శాస్త్రి
సగం సిండోపా వాడుతున్నారు. చెప్పలేదు. అడుగుతాను. అయినా ఆయుర్వేద వైద్యుడి పర్యవేక్షణలోనే ఇస్తున్నాం, సొంతంగా కాదు.

వరంగల్_రవి
ఇద్దరు డాక్టర్లకు ఒకరి చీటీ ఒకరికి చూపిస్తే సగం పంచాయితీ వొడుస్తది సారూ.

డల్లాస్_మాధవి
మందుల గురించి అందరూ చెప్పారు. ఆ పిల్లలు కనిపించినప్పుడు ఏం మాట్లాడాలో నేను చెప్తా. మా మామగారిది ఇదే జబ్బు. "అక్కడెవరూ లేరు మామయ్యా" అంటే ఆయనకి కోపం, భయం రెండూ పెరిగేవి. ఆయన కళ్లకి నిజంగా కనిపిస్తున్నారు కదా. అందుకని ఉన్నారనీ అనం, లేరనీ అనం. "మీకు కనిపిస్తున్నారా? ఏం చేస్తున్నారు? భయమేస్తోందా?" అని అడుగుతాం. భయం లేకపోతే వదిలేస్తాం. ఉంటే పక్క గదికి తీసుకెళ్తాం. ఇంకోటి, సాయంకాలం చీకటి పడకముందే లైట్లన్నీ వెయ్యండి. నీడలు, కుర్చీ మీద వేలాడే తువ్వాలు, గాజు తలుపులో ప్రతిబింబం, అన్నీ మనుషుల్లాగే కనిపిస్తాయి. కంటి పరీక్ష చేయించి శుక్లాలుంటే తీయించండి.

ఇక్కడ అమెరికాలో 2016లో ఈ భ్రమలకే పిమావాన్సెరిన్ అని ఒక మందు వచ్చింది. డోపమైన్ జోలికి పోదు. మామయ్యకి గుణం కనిపించడానికి వారాలు పట్టింది.

కోనసీమ_అబ్బాయి
నేను ఒప్పుకోనండి. పెద్దాయనకి అబద్ధం చెప్పి మభ్యపెట్టడం ఏం మర్యాద? మా నాన్నకి ఎప్పటికప్పుడు నిజం చెప్తాం. "నాన్నా, ఇది మందు వల్ల" అంటే సరేనంటారు.

డల్లాస్_మాధవి
మీ నాన్నగారికి ఇంకా అది మందు వల్లేనని తెలిసే స్థితి ఉంది, అదృష్టం. అప్పుడు చెప్పాల్సిందే. ఆ తెలివిడి పోయాక చెప్తే మాత్రం గొడవే. నేను అబద్ధం చెప్పమనట్లేదు, వాదించొద్దంటున్నా.

నర్స్_మేరీ_గుంటూరు
ఇద్దరూ సరే. మనిషి స్థితిని బట్టి. సరళమ్మా, అమ్మగారిని గుర్తుపట్టకపోవడం ఉంది చూశారూ, దానికి కాప్‌గ్రాస్ అని పేరుంది. ఎదురుగా ఉన్నది తన మనిషి కాదు, ఆ పోలికలో ఉన్న ఇంకెవరో అనిపిస్తుంది. ఆవిడ మీద ప్రేమ పోయిందని కాదు. అలాంటప్పుడు అమ్మగారిని కాసేపు బయటికి వెళ్లి, పలకరిస్తూ లోపలికి రమ్మనండి. చాలామంది మొహం చూసి పట్టలేకపోయినా గొంతు విని పడతారు.

సరళ_కాకినాడ
ఇది అమ్మకి చదివి వినిపించాను. "అయితే నా మీద విసుగు కాదన్నమాట" అంది. నిన్నటి నుంచి ఇవాళే సరిగ్గా అన్నం తింది.

అనంత_పద్మజ
ఐదుసార్లు సిండోపా అన్నారు, ఏ టైముకి ఇస్తున్నారు? టిఫినుతో పాటా?

సరళ_కాకినాడ
అవునండీ, పెసరట్టుతోనో ఇడ్లీతోనో. మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక. ఉత్త కడుపున వద్దనుకుని అమ్మ అలా అలవాటు చేసింది.

అనంత_పద్మజ
అక్కడ చూసుకోండి. లెవోడోపా, తిండిలో మాంసకృత్తులు రెండూ పేగులో ఒకే దారిన లోపలికెళ్తాయి. పెసరట్టు, పప్పు, గుడ్డు, పెరుగు ముందెళ్తే మందు వెనకపడుతుంది. అన్నానికి అరగంట ముందో, తిన్న గంటన్నర తర్వాతో ఇస్తే మా ఆయనకి అదే డోసు ఎక్కువసేపు పనిచేస్తోంది. వికారం ఉంటే ఒక బిస్కెట్టు, లేదా అరటిపండు ముక్క. పప్పు మానేయమని కాదండోయ్, ఒళ్లు చిక్కిపోతారు. రాత్రికి ఎక్కువ పెట్టుకోవచ్చు. ఐరన్ బిళ్ల ఉంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం.

కడప_సుబ్బు
అమ్మ మాత్ర మింగనంటాది. నేను పెరుగన్నంలో నూరి కలిపి పెడతాండా.

అనంత_పద్మజ
పెరుగు వద్దు సుబ్బన్నా, ఇప్పుడే చెప్పింది అదే కదా. అరటిపండు గుజ్జులో పెట్టు. ఇంకా ముఖ్యం, అది సీఆర్ అయితే నూరకూడదు. నెమ్మదిగా కరగడానికి చేసిన మాత్ర, నూరితే మందంతా ఒకేసారి దిగుతుంది. స్ట్రిప్ మీద సిండోపా పక్కన సీఆర్ అని ఉందేమో చూడు. మింగనంటోందా, మింగలేకపోతోందా? తినేటప్పుడు దగ్గొస్తే మింగుడు పరీక్ష చేయించాలి. పొరపోతే న్యుమోనియా వస్తుంది.

కడప_సుబ్బు
సీఆర్ అనే ఉండాది. నిలిపేసినా నూరడం. దగ్గు కూడా వస్తాది అప్పుడప్పుడు. సోమవారం తీసుకపోతా.

ఇంగో మాట. పైన సిండోపా తగ్గించొద్దు అన్నారు గదా. అమ్మకి పోయినేడు బాగా తగ్గించినారు. మతి తేట అయింది, మమ్మల్నందరినీ పేరు పెట్టి పిలిచింది. కానీ మంచానికే అతుక్కుపోయింది. మళ్లీ కొంచెం పెంచమని మేమే అడిగినాము. ఏది మేలో ఇప్పటికీ ఇంట్లో వాదనే.

నర్స్_మేరీ_గుంటూరు
ఇది కష్టమైన తూకం సుబ్బు గారూ. దీనికి ఒకే జవాబు లేదు. కదలికా తెలివీ రెండూ పూర్తిగా దక్కని దశ వస్తుంది. అమ్మగారికి ఏది ఎక్కువ బాధ పెడుతోందో అదే గీటురాయిగా చూసుకోవాలి.

హైదరాబాద్_కిరణ్
ప్రమిపెక్సోల్ గురించి ఒక సైడ్ నోట్. మా నాన్న దాని మీద ఉన్నప్పుడు రాత్రిళ్లు ఫోన్‌లో షాపింగే షాపింగ్. టార్చిలైట్లే ఎన్నొచ్చాయో, వీధి వీధంతా పంచాం. వయసు చాదస్తం అనుకున్నాం. డాక్టరు చెప్తే తెలిసింది, ఈ మందుకి ఆ గుణం ఉందట. కొందరికి జూదం, కొందరికి తిండి యావ. తగ్గించాక ఆగిపోయింది. బ్యాంకు కార్డు ఎవరి దగ్గరుందో చూసుకోండి.

విశాఖ_లలిత
ఆ టార్చి ఒకటి మాకూ పంపండి కిరణ్ గారూ, ఇక్కడ కరెంటు పోతోంది 😄

సరళ_కాకినాడ
అపాయింట్‌మెంటు అయింది. ఇక్కడ చెప్పినవన్నీ కాగితం మీద రాసుకెళ్లాను, స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లాను. యూరిన్‌లో ఇన్‌ఫెక్షన్ ఉంది, మందిచ్చారు. లెవోసల్‌పిరైడ్ ఉన్న బిళ్ల తీసేశారు. పాసిటేన్ కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించి ఆపమన్నారు, ప్రమిపెక్సోల్ ఆ తర్వాత చూద్దామన్నారు. సిండోపా అలాగే, టైములు మార్చారు. హాలోపెరిడాల్ కొనలేదని చెప్తే "మంచి పని చేశారు" అన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే బీపీ బాగా పడిపోతోంది, లేచినప్పుడు తూలేది అందుకేనట. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టమన్నారు. మతిమరుపుకి రివాస్టిగ్మిన్ ప్యాచ్ తర్వాత మొదలెడదాం, ముందు ఈసీజీ తీయించమన్నారు. అల్జీమర్సా అని అడిగాను. కాదు, నడక జబ్బు వచ్చిన చాలా ఏళ్లకి వచ్చింది కాబట్టి పార్కిన్‌సన్స్ డిమెన్షియా అంటారన్నారు. రెండూ ఏడాది లోపల కలిసొస్తే లూయీ బాడీ డిమెన్షియా అంటారట.

హైదరాబాద్_కిరణ్
ఆ ప్యాచ్ మా ఇంట్లో వాడాం. పాతది పీకాకే కొత్తది అంటించాలి. పనిమనిషి ఒకరు, మా చెల్లి ఒకరు అంటించి ఒంటి మీద రెండు ఉంటే డోసు రెట్టింపై వాంతులు, గుండె నెమ్మదించడం. ప్యాచ్ మీద బాల్‌పెన్‌తో తేదీ ముందే రాసి, అప్పుడు అంటించండి. వీపు పైభాగంలో అయితే ఆయన చేతికి అందదు. చోటు రోజూ మార్చాలి.

నల్గొండ_టీచర్
కాగితాల పని గూడ చూస్కోండ్రి. 2016 వికలాంగుల హక్కుల చట్టంల పార్కిన్‌సన్స్ ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు స్లాట్ ఇప్పుడు ఎట్ల తీస్కోవాల్నో మీసేవల అడుగుండ్రి. పాత పద్ధతిల (ఓల్డ్ రెజీమ్) ఇన్‌కంట్యాక్స్ కట్టేటోళ్లకు సీనియర్ సిటిజన్ వైద్యానికి లక్ష దాక మినహాయింపు, న్యూరాలజిస్టు రాసిన చీటీ (ప్రిస్క్రిప్షన్) కావాలె, వైకల్యం 40 శాతం, లేకుంటె అంతకన్నా ఎక్కువ ఉండాలె. పెద్దోళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. మందు ఖర్చు భారమైతే జనఔషధి దుకాణంల లెవోడోపా కార్బిడోపా దొరుకుతది, కానీ డాక్టరుకు చెప్పి మారండ్రి.

నర్స్_మేరీ_గుంటూరు
సరళమ్మా, ఎప్పుడైనా ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తే సిండోపా టైముల చార్టు మంచానికి అతికించండి. వార్డులో మందులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని ఇస్తారు, ఈయనకి ఆ లెక్క కుదరదు. ఆపరేషన్ ముందు "ఏమీ తినకూడదు" అన్నప్పుడు సిండోపా సంగతేంటని మత్తు డాక్టరుని అడగండి. ఇవ్వకూడని మందుల జాబితా ఎర్ర ఇంకుతో రాసి ఫైలు పైన పెట్టండి.

ఇంకో మాట, రాత్రి కాపలా అమ్మగారొక్కరే చేస్తున్నారా?

సరళ_కాకినాడ
అవును. నేను పగలు స్కూలుకి వెళ్లాలి. నిన్న అన్నయ్యకి ఈ చర్చ మొత్తం పంపించాను. సిండోపా మాట మళ్లీ ఎత్తలేదు. నెలలో ఒక వారం ఇక్కడి నుంచే పని చేస్తాను, ఆ వారం రాత్రిళ్లు నావి అన్నాడు. మిగతా రోజులకి మనిషిని వెతుకుతున్నాం. పిల్లలు ఇంకా వస్తున్నారు గానీ రోజూ రావట్లేదు, నాన్న కోప్పడటం తగ్గింది.

కోనసీమ_అబ్బాయి
కిరణ్ గారూ, మా నాన్నకీ మొన్ననే ఆ ప్యాచ్ మొదలెట్టారు. ఈ ఎండలకి చెమట పట్టి సగం రోజుకే ఊడొస్తోంది. ప్లాస్టరు వెయ్యొచ్చా?

హైదరాబాద్_కిరణ్
స్నానం అయ్యాక తడి పూర్తిగా ఆరనివ్వండి. ఆ చోట నూనె, పౌడరు, క్రీము వద్దు. అరచేత్తో అర నిమిషం గట్టిగా అదిమి పట్టండి, అంచులు కూడా. ఊడిపోతే ఆ రోజుకి కొత్తది వేసి, మర్నాడు మామూలు టైముకే మార్చండి. దాని మీద వేడినీళ్ల కాపడం పెట్టొద్దు. ప్లాస్టరు సంగతి మాకు అవసరం పడలేదు, ప్రసాద్ గారు చెప్తారు.

ఫార్మసీ_ప్రసాద్
ముందు కిరణ్ గారు చెప్పినట్టు చేసి చూడండి. అప్పటికీ ఊడుతుంటే డాక్టరుని అడిగి గుడ్డ ప్లాస్టరు అంచులకే వెయ్యండి, చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడండి. ఊడింది మడిచి చెత్తబుట్టలో వెయ్యండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త, వాడేసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది.